వేపాకు వెలిగిన రోజు

2023 వానాకాలం, పెబ్బేరు సంత రోజు. కొత్తకోటలో నేనెక్కిన గద్వాల బస్సు పెబ్బేరు దాటడానికే ముప్పావు గంట పట్టింది. రోడ్డుకు అటూ ఇటూ ఎడ్లు, వాటిని ఎక్కించుకోవడానికి వచ్చిన ట్రాలీలు, బేరం తెగక రోడ్డు మీదే నిలబడి వాదించుకునే పెద్దమనుషులు. చివరికి కండక్టరే దిగి ఒక జత ఎడ్లను పక్కకు తోలి వచ్చాడు. నేను గడియారం చూసుకుంటూ లోపల్లోపల ఉడికిపోతున్నాను. నాకు ఓపిక తక్కువ. ఈ ముక్క నా తోటి నర్సులే కాదు, నా పేషెంట్లు కూడా నా మొహం మీదే చెప్తారు. ఆ రోజు ఆ తొందరే లేకపోతే మీకు చెప్పడానికి ఈ కథే ఉండేది కాదు.

నా పని గురించి రెండు మాటలు. పదహారేళ్లు వార్డుల్లో నర్సుగా చేసి, ఆ తర్వాత హైదరాబాదులో ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో క్లినికల్ ట్రయల్ విభాగంలో చేరాను. క్లినికల్ ట్రయల్ అంటే ఒక కొత్త మందునో, కొత్త పద్ధతినో, అన్ని అనుమతులూ తీసుకుని, ఇష్టపడి ఒప్పుకున్న పేషెంట్లకు జాగ్రత్తగా వాడి చూడటం. నాది కొత్తకోట కాబట్టి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పేషెంట్లందరినీ నాకే అప్పగించారు. వాళ్ల ఇళ్లకు వెళ్లి విషయం అర్థమయ్యేలా చెప్పడం, సంతకం తీసుకోవడం, ఆపరేషనుకు ముందు జాగ్రత్తలు చెప్పడం, తర్వాత కూడా వెళ్లి చూసి రావడం నా వంతు. "మీ వాళ్ల భాష మీకే వచ్చు కదండీ సుజాత గారూ" అని డాక్టర్ మాధవి గారు అంటుంటారు. ఆవిడది కాకినాడ. ఆ మాటకు నేను కొంచెం పొంగిపోయేదాన్ని కూడా. మా వాళ్ల సంగతి నాకు తెలియనిదేముంది అనుకునేదాన్ని.

గద్వాలలో నేను వెళ్లాల్సింది పద్మమ్మ ఇంటికి. నలభై నాలుగేళ్ల నేత మనిషి. కుడి రొమ్ములో చిన్న గడ్డ, క్యాన్సర్ అని తేలింది. అదృష్టం ఏమిటంటే తొందరగా బయటపడింది. ఇంట్లో ఆమె, భర్త నరసింహులు, అత్త ఈశ్వరమ్మ. ముందు గదిలో సగం మగ్గమే. గద్వాల చీరకు నడుమ నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. ఆ నూలునూ పట్టునూ కలిపి నేయడానికి వాళ్లింట్లో మగ్గానికి ఇద్దరు కూర్చుంటారు. ఎడమ పక్క నరసింహులు, కుడి పక్క పద్మమ్మ. దారపు కండె ఉండే నాడెను ఒకరు విసిరితే ఒకరు అందుకుంటారు. ఇరవై రెండేళ్లుగా ఆ పక్క ఆయనదే, ఈ పక్క ఆమెదే.

నేను కూర్చోగానే ఆమె అడిగిన మొదటి మాట క్యాన్సర్ తగ్గుతుందా అని కాదు.

"చెయ్యి వాస్తదా సిస్టర్?"

ఎవరో చెప్పారట. పక్క వీధిలో ఒకామెకు ఇలాంటి ఆపరేషన్ అయ్యాక చెయ్యి వాచి, జాకెట్టు కూడా ఎక్కలేదట. పద్మమ్మ తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చుంది. "పానం దక్కితదని డాక్టరమ్మ చెప్పింది. అది నమ్మిన. గని ఈ చెయ్యి వాస్తే నాడె ఇసరలేను. నేను ఇసరకుంటే ఆయన ఒక్కడే ఏం నేస్తడు? సగం చీరె నేస్తడా?"

ఆమె భయం వట్టిది కాదు. రొమ్ములో గడ్డ నుంచి క్యాన్సర్ కణాలు తప్పించుకుపోతే మొదట చేరేది చంకలో ఉండే లింఫ్ నోడ్లకు. మా వైపు వీటిని బిళ్లలు అంటాం. ముందుజాగ్రత్తగా ఆ బిళ్లలన్నీ తీసేస్తే కొందరికి చేతిలో నీరు దిగే దారి మూసుకుపోయి చెయ్యి వాస్తుంది. అయితే ఆ బిళ్లల్లో ముందు వరుసలో కాపలా ఉండేవి ఒకటో రెండో ఉంటాయి. వాటిని సెంటినెల్ నోడ్ అంటారు. వాటిని పట్టుకుని, తీసి, పరీక్షించి, వాటిలో క్యాన్సర్ లేదంటే వెనకున్న వాటి జోలికి పోనక్కర్లేదు. కష్టమంతా ఆ కాపలా బిళ్ల ఏదో కనుక్కోవడంలోనే ఉంది. మా దగ్గర అప్పటిదాకా వాడింది ఒక నీలం రంగు. అది చాలామందిలో దారి చూపుతుంది గానీ కొందరిలో మధ్యలోనే జాడ లేకుండా పోతుంది. అలా పోతే అన్నీ తీయక తప్పదు.

మా ట్రయల్ దాని కోసమే. గాజులాంటి పదార్థంతో చేసిన అతి చిన్న రేణువులు. వెంట్రుక మందాన్ని వేల వంతులు చేస్తే అందులో ఒక వంతు అంత. వీటిని నానోపార్టికల్స్ అంటారు. ఒక్కో రేణువు కడుపులో ఒక రంగు దాచి ఉంటుంది. దాని మీద ఒక రకం ఎర్ర కాంతి వేస్తే అది మన కంటికి సరిగా ఆనని ఇంకో వెలుగును తిరిగి ఇస్తుంది. దీని పేరే ఫ్లోరెసెన్స్. ఆ వెలుగును ప్రత్యేకమైన కెమెరా పట్టుకుని తెర మీద చూపిస్తుంది. గడ్డ పక్కన సూదితో ఇస్తే ఆ రేణువులు మెల్లగా పాకుతూ వెళ్లి కాపలా బిళ్లలో కూర్చుంటాయి. కోసి చూడకముందే చర్మం కింద బిళ్ల ఎక్కడుందో వెలుగే చెప్తుంది.

ఇదంతా విని నరసింహులు గొంతు సవరించుకున్నాడు. "అంటే మా మీద ప్రయోగం చేస్తున్నరా?"

"అవునన్నా, ప్రయోగమే" అన్నాను. దాచి చెప్పే అలవాటు నాకు లేదు. "ఇంతకుముందు కొందరికి ఇచ్చిండ్రు, మంచిగనే ఉన్నరు. అయినా కొత్తదే. ఇష్టం లేకుంటే వద్దనుండ్రి. పాత పద్ధతిల ఆపరేషన్ అయితది, ఎవ్వరూ ఏమనరు. ఒప్పుకున్నా నీలం రంగు కూడా పక్కన తయారుగనే ఉంటది."

"గీ రేణువులు మందు కూడా మోస్తయా?" అని పద్మమ్మ అడిగింది. నేను ఆశ్చర్యపోయాను. చదువుకున్నవాళ్లు కూడా అడగని ప్రశ్న అది. ఇప్పుడైతే వెలుగు ఒక్కటే చూపుతాయని, ముందుముందు వీటి మీదనే క్యాన్సర్ మందును ఎక్కించి, ఒళ్లంతా తిరగకుండా గడ్డ దగ్గరికే చేర్చాలని పరిశోధన నడుస్తోందని చెప్పాను. వెంట్రుకలు రాలడం, వాంతులు లాంటి బాధలన్నీ మందు ఒళ్లంతా తిరగడం వల్లనే కదా మరి.

ఆమె మగ్గం వైపు చూసింది. "మాది గదే పని సిస్టర్. పట్టు అంచుల్నే పడాలె, నడుమల పడొద్దు. పట్టంతా చీరెంత పోస్తే అది గద్వాల చీరె అయితదా?"

నేను ఎన్ని మీటింగుల్లో కూర్చున్నానో, ఎన్ని స్లైడ్లు చూశానో. టార్గెటెడ్ డ్రగ్ డెలివరీ అన్న మాటకు ఇంత మంచి అర్థం నాకు ఎవరూ చెప్పలేదు. భార్యాభర్తలిద్దరూ సంతకం పెట్టేశారు.

పెబ్బేరులో పోయిన ముప్పావు గంట అప్పుడు గుర్తొచ్చింది. వనపర్తిలో ఇంకో ఇంటికి పోవాలి. జాగ్రత్తల కాగితం తీసి గబగబా చదివాను. క్రీములు రాయొద్దు, లోషన్లు రాయొద్దు, పౌడర్ వద్దు, సెంటు వద్దు. ఆపరేషన్ రోజు పొద్దున ఆసుపత్రిలో ఇచ్చే సబ్బుతో శుభ్రంగా స్నానం, ముఖ్యంగా రొమ్ము, చంక బాగా రుద్దాలి. "సమజైందా?" అంటే ముగ్గురూ తల ఊపారు. ఈశ్వరమ్మ అందరికన్నా గట్టిగా ఊపింది. డెబ్బై దాటిన మనిషి, సన్నగా కట్టెపుల్లలా ఉంటుంది గానీ గొంతు మాత్రం వీధి చివరిదాకా వినబడుతుంది. "కోడల్ని అద్దం లెక్క తయారు చేసి పంపిస్త, నువ్వు పరేషాన్ గాకు బిడ్డా" అంది. నేను పరుగెత్తి బస్సెక్కాను.

ఆపరేషన్ రోజు పొద్దున తొమ్మిదిన్నరకు పద్మమ్మను థియేటర్ పక్కగదిలో పడుకోబెట్టాం. రేణువులు ఇచ్చేముందు ఒకసారి కెమెరాతో ఉత్తగా చూడాలి. దాన్ని బేస్‌లైన్ అంటారు. అప్పుడు తెర నల్లగా ఉండాలి. ఎందుకంటే వెలిగేది ఇంకా ఒంట్లోకి పోలేదు కదా. నల్లటి తెర మీద తర్వాత కనబడే వెలుగునే నమ్ముతాం. ఇది రెండు నిమిషాల పని. కెమెరా చూసుకునే ఇంజినీరు ప్రకాష్ గారు గదిలో లైట్లు తీసేసి మీట నొక్కారు.

తెర మీద పద్మమ్మ చంక దీపావళి పెట్టింది.

చంక ఒక్కటే కాదు. రొమ్ము కింది మడత వెలిగింది, మెడ ముడతలు వెలిగాయి, వేళ్ల గోళ్ల అంచులు కూడా వెలిగాయి. డాక్టర్ మాధవి గారు నా వైపు తిరిగారు. "ఏంటండీ సుజాత గారూ, ఇంజెక్షన్ అప్పుడే ఇచ్చేశారా?"

"లేదు మేడమ్. సీసా సీలే తీయలేదు."

"మరిదేంటి?"

పద్మమ్మ తల పక్కకు తిప్పి తెర వైపు చూసింది. భయపడుతుందేమో అనుకున్నాను. "అయ్యో, నేనే ఎలుగుతున్ననేంది!" అంది. ఆ తర్వాత మెల్లగా, "గదంతా క్యాన్సరా సిస్టర్?" అని అడిగింది.

"కాదక్కా. అది క్యాన్సర్ అయ్యే ముచ్చటే లేదు. మందే ఇయ్యలే గదా, క్యాన్సర్ ఎట్ల ఎలుగుతది? బయట ఏదో అంటింది. చూస్తున్నం, ఆగు." అన్నాను గానీ నాకూ తెలియదు ఏం అంటిందో.

ప్రకాష్ గారు కెమెరా అద్దం తుడిచారు. దుప్పటి మార్చాం. నా చెయ్యి పెట్టి చూశాం, నల్లగా ఉంది. డాక్టర్ గారి చెయ్యీ నల్లగానే ఉంది. అంటే కెమెరా బాగానే ఉంది. గడియారం మాత్రం ఆగడం లేదు. ఆ రోజు థియేటర్లో పద్మమ్మది రెండో కేసు, పదకొండున్నరకు లోపలికి పోవాలి. రేణువులు బిళ్లల దాకా పాకడానికి కనీసం గంట కావాలి. అంటే పదిన్నర దాటితే లేదు. బేస్‌లైన్ నల్లగా లేకపోతే రేణువులు ఇవ్వకూడదని ట్రయల్ నియమం. అప్పుడు ఆమెను ట్రయల్ నుంచి తప్పించి, నీలం రంగు ఒక్కదాన్నే నమ్ముకుని చేయాలి. అది దారి చూపితే సరే. చూపకపోతే బిళ్లలన్నీ పోతాయి, ఆ తర్వాత ఆ కుడిచేయి ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. గద్వాల మగ్గంలో కుడి పక్క ఖాళీగా నా కళ్లముందు కనబడుతూనే ఉంది.

"ఈమె ఒళ్లు ఇంత పచ్చగా ఎందుకుంది?" అని ప్రకాష్ గారు అడిగారు. బెంగళూరులో పెరిగిన మనిషి, అన్నింటికీ ప్రశ్నలే.

"పసుపు సార్. మా వైపు ఆడవాళ్లు రాసుకుంటారు" అన్నాను విసుగ్గా. ఇదీ అడిగే మాటేనా అన్నట్టు. పొద్దున ఆమెను చూసినప్పుడే ఆ పసుపు నా కంట్లో పడింది. పడీ పడనట్టే పోయింది. మా అమ్మ ఒళ్లూ అంతే, మా పెద్దమ్మ ఒళ్లూ అంతే. అందులో చూడ్డానికేముంది?

ఆయన మాత్రం ఊరుకోలేదు. క్యాంటీన్ నుంచి కాగితంలో చిటికెడు పసుపు తెప్పించి కెమెరా కింద పెట్టారు. నల్లగా ఉంది. పసుపు కూడా వెలుగుతుందట గానీ అది వేరే కాంతికి, ఈ ఎర్ర కాంతికి కాదని తేల్చారు. పసుపు కాదు. మరి ఏంటి?

నేను తలుపు తోసుకుని వరండాలోకి వెళ్లాను. నరసింహులు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఈశ్వరమ్మ బెంచీ మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది.

"అవ్వా, పొద్దుగాల అక్కకు తానం ఎవరు పోసిండ్రు?"

"నేనే పోసిన. నువ్వే గదా చెప్పినవ్, చంకల మంచిగ రుద్దుమని."

"దేనితోని రుద్దినవ్?"

ఆమె ఏదో బహుమతి చూపిస్తున్నట్టు సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మూత విప్పింది. లోపల ఆకుపచ్చటి ముద్ద. మూత తీయగానే వాసన నా ముక్కుకు కొట్టింది. అమ్మవారు పోసి తగ్గాక తలస్నానానికి మా ఇంట్లో నూరే వాసన. "ఉత్త పసుపు గాదు బిడ్డా. యాపాకు, పసుపు కలిపి మెత్తగ నూరి తెచ్చిన. ఒళ్లంత పట్టిచ్చి, జరసేపు ఆరనిచ్చి, అప్పుడు నీళ్లు పోసిన. ఇంక పురుగు గాదు, దాని తాత గూడ ఉండదు."

"నేనిచ్చిన సబ్బు ఏమాయె?"

"గా సబ్బుకు వాసన లేదు, నురగ లేదు. గసొంటి సబ్బుతోని నా కోడల్ని ఆపరేషనుకు పంపుతనా?"

"క్రీములు, లోషన్లు రాయొద్దని కాగితం సదివి చెప్పిన గదవ్వా!"

"క్రీమెక్కడ రాసిన్నే? యాపాకు గదా!"

సబ్బు సంగతి వదిలేస్తే ఆమె నా కాగితంలో ఇంకే మాటా తప్పలేదు. శుభ్రంగా పంపమన్నాను, ఆమెకు తెలిసిన అన్నింటికన్నా శుభ్రమైన పద్ధతిలో పంపింది. తప్పు నాది. మా ఇళ్లల్లో ఏం చేస్తారో నాకు తెలుసు, తెలిసీ అడగలేదు.

డబ్బా అందుకుని నేను లోపలికి పరుగెత్తాను. ముద్దను కెమెరా కింద పెట్టగానే తెర తెల్లగా మండిపోయింది. ప్రకాష్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "క్లోరోఫిల్!" అన్నారు. ఆకుకు పచ్చరంగు ఇచ్చే పదార్థం. మా రేణువుల్లోని రంగు లాగే అదీ ఎర్ర కాంతిని తాగి వెలుగు కక్కుతుందట. "చదువుకున్నాను, మరిచిపోయాను" అని తల పట్టుకున్నారు. అంతటితో ఆగలేదు. పార్కింగ్ దగ్గరున్న వేపచెట్టు నుంచి ఒక రెమ్మ తెప్పించారు. అది తెర మీద ఈనెలతో సహా వెలిగింది. డాక్టర్ గారు తన టిఫిన్ ఉప్మాలోంచి కరివేపాకు తీసి పెట్టారు, వెలిగింది. స్టాఫ్ నర్సు జడలో పూలదండ పెడితే కనకాంబరాలు నల్లగా ఉండి, మధ్యలో గుచ్చిన మరువం మాత్రం మెరిసింది. ఇంతసేపూ బిగుసుకుపోయిన గదిలో ఒక్కసారి నవ్వులు. పద్మమ్మ అందరికన్నా ఎక్కువగా నవ్వింది, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. తన ఒంట్లో ఉన్నది క్యాన్సర్ కాదు, అత్త చేతి యాపాకు అని తెలిసిన నవ్వు అది.

నవ్వు సరే, పదయింది. ఆసుపత్రి సబ్బుతో కడిగాం. సగం తగ్గింది. మళ్లీ కడిగాం. చదునుగా ఉన్నచోట నల్లబడింది గానీ చంక మడతల్లో, ముఖ్యంగా మేం చూడాల్సిన చోటే, వెలుగు మొండిగా కూర్చుంది. నేను బలంగా రుద్దబోతే డాక్టర్ గారు ఆపారు, చర్మం గీసుకుపోతే ఆపరేషనుకే మోసం. పది గంటల పది నిమిషాలు.

అప్పుడు పద్మమ్మ అంది. "సిస్టర్, పసరు సబ్బుకు పోదు. ముందుగాల నూనె పెట్టుండ్రి."

"నూనెనా?"

"మా ఇంట్ల ఆకుకూర తెంపినా, చిక్కుడుకాయ ఒలిచినా చేతులకు పసరంటితది. గదే చేతులతోని మొగ్గం మీద కూసుంటే తెల్లనూలు ఖరాబైతది. చీరె మొత్తం పోతది. అందుకని ముందుగాల నూనె రాసి, బట్టతోని తుడిసి, అప్పుడు సబ్బు పెడ్తం. పెండ్లైన కాడికెల్లి గదే చేస్తున్న."

డాక్టర్ గారు, ప్రకాష్ గారు మొహమొహాలు చూసుకున్నారు. క్లోరోఫిల్ నూనెలో కరుగుతుంది, నీళ్లలో కరగదు. ఇద్దరికీ తెలిసిన సంగతే. ఆ నిమిషంలో గుర్తొచ్చింది మాత్రం బల్ల మీద పడుకున్న మనిషికి. సంగతి తలుపు సందులోంచి విన్న ఈశ్వరమ్మ వెంటనే కొబ్బరినూనె సీసా లోపలికి చాపింది. ఆపరేషన్ జరిగే చోట బయటి నూనె వద్దని డాక్టర్ గారు చేతులు జోడించి చెప్పి, వార్డులో ఉండే శుద్ధమైన పారాఫిన్ నూనె తెప్పించారు. "నా నూనెకేమొచ్చింది?" అని అవ్వ కాసేపు గొణిగింది.

నూనె రాసి, మెత్తటి గాజుగుడ్డతో తుడిచి, సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో ఆరబెట్టాను. గాజుగుడ్డకు లేత ఆకుపచ్చ అంటింది. ప్రకాష్ గారు లైట్లు తీసి మీట నొక్కారు.

తెర నల్లగా ఉంది. చంక నల్లగా, మడతలు నల్లగా, అంతా నల్లగా. చీకటిని చూసి అంతమంది అంత సంతోషపడటం నా సర్వీసులో అదొక్కసారే. పది గంటల ఇరవై ఐదుకు సీసా సీలు తీశాం.

ఆ తర్వాతి గంట ఎలా గడిచిందో నాకు తెలియదు. థియేటర్లో లైట్లు తగ్గించి కెమెరా పెట్టారు. రొమ్ము పక్క నుంచి చంక వైపు సన్నటి దారంలా ఒక గీత, దాని చివర పక్కపక్కనే రెండు చుక్కలు. అంతే, ఇంకెక్కడా ఏమీ లేదు. "ఎంత చక్కగా ఉన్నాయండీ" అన్నారు డాక్టర్ గారు. అంత క్లీన్ బేస్‌లైన్ అంతకుముందు ఏ పేషెంటుకూ రాలేదని ప్రకాష్ గారు అన్నారు. రాదు మరి, అంత రుద్దాం. ఆ రెండు బిళ్లలూ తీసి ఫ్రోజెన్ సెక్షన్‌కు పంపారు. అంటే అప్పటికప్పుడు గడ్డకట్టించి, పలచగా కోసి, మైక్రోస్కోప్ కింద చూడటం. ఇరవై నిమిషాల్లో ఫోన్ మోగింది. రెండింటిలోనూ క్యాన్సర్ లేదు.

మిగతా బిళ్లలను ఎవరూ ముట్టుకోలేదు.

నేను వరండాలోకి వచ్చి చెప్పగానే నరసింహులు అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. ఈశ్వరమ్మ కొడుకు వీపు నిమిరింది. ఆ తర్వాత నా వైపు చూసి, "ఇందాక మా యాపాకు సినిమాల ఎలిగిందంట గదా? నాకెందుకు సూపియ్యలే?" అంది. ఆ సాయంత్రం ప్రకాష్ గారు ఆమెను నిజంగానే ఆ పక్కగదికి తీసుకుపోయి, కెమెరా కింద రెమ్మ పెట్టి చూపించారు. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు చూసింది. "జూసిండ్రా? గంత తాకతు ఉంది దానికి. మీకు ఇయ్యాల తెలిసింది, మాకు ఎప్పటికెల్లో తెలుసు" అంది. ఆమె మొహంలో పశ్చాత్తాపం అన్నది మచ్చుకైనా లేదు. మేమూ ఆమెకు చెప్పలేదు, ఆ తాకతే, ఆ బలమే మమ్మల్ని ఎంత దగ్గర్లో ముంచబోయిందో.

ఆ వారం నేను ఒక రిపోర్టు రాయాల్సి వచ్చింది. ట్రయల్లో అనుకున్నట్టు జరగనిది ఏదైనా కాగితం మీద పెట్టాలి. కారణం అన్నచోట పేషెంటు కుటుంబం సూచనలు పాటించలేదు అని రాస్తే ఎవరూ ప్రశ్నించరు. రాయలేదు. వాళ్లు తమకు అర్థమైనట్టు పాటించారు. అడగాల్సింది నేను అడగలేదు అని రాశాను. డాక్టర్ గారు చదివి సంతకం పెట్టారు. ఆ తర్వాత మా జాగ్రత్తల కాగితం మారింది. క్రీము, లోషను, పౌడరు కింద ఆకు పసరు, వేపాకు, గోరింటాకు, సున్నిపిండి, నలుగు అన్నీ చేరాయి. అన్నింటికన్నా పైన నేను ఒక ప్రశ్న రాయించాను: స్నానం ఎవరు చేయిస్తారు, దేనితో? ఆ మనిషిని పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడాలి. అమరచింతలో ఒక నాయనమ్మతో ఇలాగే గంటసేపు కూర్చున్నాను. ఆమె నలుగు పిండిలో ఏమేం కలుపుతుందో చెప్పడానికే అరగంట పట్టింది. అంతా రాసుకున్నాను.

ఈ కేసు నాకు నేర్పింది చిన్న సంగతే. కొత్త ఊళ్లోనైతే అన్నీ చూస్తాను, అన్నీ అడుగుతాను. మా ఊళ్లో చూడలేదు. పసుపు ఒళ్లు నా కళ్లకు అలవాటైపోయి కనబడటం మానేసింది. బెంగళూరు మనిషికి అది వింత కాబట్టి అడిగాడు. మా వాళ్ల సంగతి నాకు తెలియనిదేముంది అనుకున్న రోజే నేను నా పేషెంటు చేతిని పోగొట్టబోయాను.

పద్మమ్మకు తర్వాత రేడియేషన్ అయింది, మాత్రలు నడుస్తున్నాయి. ఆరు నెలలకు ఒకసారి నేను గద్వాల వెళ్లి టేపుతో రెండు చేతులూ కొలవాలి. మోచేతికి పైన ఇంత, కింద ఇంత. వాపు మొదలైతే ముందు ఆ కొలతలోనే తెలుస్తుంది. మొదటిసారి కొలిచినప్పుడు తేడా లేదు. రెండోసారి వెళ్లింది మొన్న వానాకాలం. ఇంటి ముందు చెప్పులు విడుస్తుంటేనే లోపలినుంచి మగ్గం చప్పుడు వినబడింది. టక్, టక్. ఒకరు వేస్తే ఒకరు అందుకునే చప్పుడు. ఒంటరి మనిషి నేసే మగ్గం అలా మోగదు.

గుమ్మంలో నిలబడి టేపు తీశాను. "అక్కా, ఒక్క నిమిషం చెయ్యి ఇట్ల ఇయ్యి. నాకు బస్సున్నది."

పద్మమ్మ తల ఎత్తలేదు. కుడిచేత్తో నాడె విసిరింది. అవతల నరసింహులు అందుకున్నాడు. "జర ఆగు సిస్టర్. కొంగు కాడికి వచ్చినం, ఇప్పుడు ఇడవొద్దు. నూలుకు పట్టు కలిపే ఈ అతుకు దాటనీ."

ఈశ్వరమ్మ లోపలినుంచి పీట తెచ్చి వేసింది. నేను టేపు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అతుకు దాటడానికి ఎంతసేపు పడుతుందో నేను అడగలేదు. బయట రోడ్డు మీద కొత్తకోట బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది. పోనీ అనుకున్నాను. పద్మమ్మ చెయ్యి పోతూ వస్తూ ఉంటే చూస్తూ కూర్చున్నాను.